నాన్న వెళ్తున్న ర్యాలీకి నేను వెళ్లకూడదా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది గాజువాక. బీటెక్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. మా నాన్న పద్దెనిమిదేళ్లుగా స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. పోయినేడు తీసేసినవాళ్లలో ఆయన పేరు లేదు గానీ, ఇంట్లో ఆ భయం ఇంకా అలాగే ఉంది. వచ్చే ఆదివారం కూర్మన్నపాలెం కూడలి నుంచి ర్యాలీ ఉంది. పిలిచింది కార్మిక సంఘాలు, కానీ రెండు మూడు పార్టీలవాళ్లు జెండాలతో వస్తున్నారు. నాన్న వెళ్తున్నారు. నేనూ వస్తానంటే మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోయారు. "నేను వెళ్తున్నదే నువ్వు వెళ్లాల్సిన రోజు రాకూడదని" అన్నారు. అమ్మేమో "ఇంకో మూడు నెలలు ఓపిక పట్టు, డిగ్రీ చేతికొచ్చాక నీ ఇష్టం" అంటోంది. క్యాంపస్ సెలెక్షన్లలో నాకు ఉద్యోగం వచ్చింది, జూలైలో చేరాలి. గ్రూప్-2 రాయాలని కూడా ఉంది. కేసు పడితే రెండూ పోతాయని క్లాసులో అందరూ అంటున్నారు. నా ఫ్రెండ్ అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసింది, ఫొటో పడితే వీసా రాదని అది అసలు రానంది. నాకు భయంగానే ఉంది. వెళ్లకపోతే సిగ్గుగానూ ఉంటుంది. ఏం చెయ్యమంటారు?

పేరు వద్దండి, గాజువాక

జవాబు:

అమ్మాయీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ కోసం, తర్వాత రెండుసార్లూ మీ నాన్నగారు అన్న ఆ ఒక్క మాట కోసం. దాని దగ్గరికి చివర్లో వస్తాను. ముందు నువ్వు అడిగినదానికి సూటిగా చెప్పేస్తాను: వెళ్లు. నా కూతురు అడిగినా ఇదే చెబుతాను. అయితే ఇంట్లో చెప్పకుండా వెళ్లొద్దు. చట్టం ఏమంటుందో తెలియకుండా వెళ్లొద్దు. నీ వయసులో నేను ఈ రెండు తప్పులూ చేశాను.

1992లో నేను నెల్లూరులో డిగ్రీ ఆఖరి ఏడాది. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారన్న వార్త జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వకూడదని పల్లెల నుంచి ఆడవాళ్లు చంకలో పిల్లలతో నెల్లూరుకు వచ్చి కూర్చుంటున్నారు. మా హాస్టల్ నుంచి ఆరుగురం వెళ్లాం. మా నాన్న ప్రభుత్వ బడిలో పంతులు. చెబితే వద్దంటారని చెప్పలేదు. పోలీసులు మమ్మల్ని వ్యానెక్కించి, ఒక కల్యాణ మండపంలో పొద్దుగూకేదాకా కూర్చోబెట్టి, పేర్లు రాసుకుని వదిలేశారు. ఆ సంగతి మా నాన్నకు మర్నాడు బస్టాండులో ఇంకో పంతులు చెబితే తెలిసింది. ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. మూడు నెలలపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అంతే. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం అమల్లోకి వచ్చిన వార్త ఉన్న పేపరు తెచ్చి, మడత విప్పి నా ముందు పెట్టారు. వెళ్లినందుకు నాకు ఈ రోజుకీ విచారం లేదు. ఆయన ఆ మాట బస్టాండులో వినాల్సి వచ్చినందుకు మాత్రం ఉంది.

ఆ రోజు మండపంలో కూర్చున్నది అరెస్టు కిందకు వస్తుందో రాదో కూడా మాకు తెలియదు. తర్వాత లా చదివి, జిల్లా కోర్టుల్లో ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేశాక తెలిసిందేమిటంటే, ర్యాలీకి వెళ్లి నష్టపోయిన పిల్లలను నేను చూసింది చాలా తక్కువ. వెళ్లొచ్చాక ఆ విషయం దాచి నష్టపోయినవాళ్లనే ఎక్కువ చూశాను. నీ క్లాసులో అందరూ చెబుతున్నది మొదటి భయం గురించి. నేను రెండోదాని గురించి ఎక్కువ చెబుతాను.

మొదటిది త్వరగా ముగిద్దాం. ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం నీకు ఇచ్చింది. విద్యార్థికి ఒకలా, ఉద్యోగికి ఒకలా అని అక్కడ రాయలేదు. శాంతిభద్రతల కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చు. అందుకే పోలీసు అనుమతి, అందుకే "పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉంది", "144 సెక్షన్ పెట్టారు" అన్న మాటలు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కాబట్టి ఆ 144 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది, జనం నోట్లో మాత్రం ఇంకా 144గానే ఉంది. ఆదివారం ర్యాలీకి అనుమతి ఉందా, ఏ దారిన, ఎన్ని గంటల దాకా అన్నది సంఘం నాయకులను అడిగితే చెబుతారు. అడగడానికి మొహమాటపడకు. అనుమతి కాగితం ఉన్న ర్యాలీలో నడిచినందుకు కేసు పెట్టడం ఎవరికైనా కష్టం. అనుమతి రాలేదని తెలిస్తే మాత్రం ఈసారికి ఆగమనే చెబుతాను. ప్లాంటు అమ్మకానికి వ్యతిరేకంగా మీ ఊళ్లో ఆ దీక్షా శిబిరం 2021 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. ఈ ఆదివారం కాకపోతే అక్కడికెళ్లి ఒక పూట కూర్చునే అవకాశం నీకు ఉంటుంది.

ఒక్క క్షణం మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. పోలీసులు మైకులో "ఇది చట్టవిరుద్ధం, చెదిరిపోండి" అని ప్రకటించే క్షణం. అప్పటిదాకా ఉన్న లెక్క వేరు, ఆ తర్వాతి లెక్క వేరు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది చట్టం చెప్పిన కొన్ని ఉద్దేశాలతో గుమిగూడితే భారతీయ న్యాయ సంహిత 189వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష. చెదిరిపొమ్మని ఆదేశించాక కూడా తెలిసి అక్కడే ఉంటే రెండేళ్ల దాకా. పైగా గుంపులో ఒకడు రాయి విసిరితే, ఆ గుంపు ఉమ్మడి ఉద్దేశం అదేనని కేసులో రాస్తే, విసరనివాళ్ల పేర్లూ దాంట్లోకి వస్తాయి. ఎవరి చేతిలోనైనా రాయి కనిపించినా, ఎవరైనా బస్సు అద్దం వైపు కర్ర ఎత్తినా, వెనక్కి తిరిగి నడిచి వచ్చెయ్. మీ నాన్న చెయ్యి కూడా పట్టుకుని తీసుకొచ్చెయ్. అది పిరికితనం కాదు. అద్దం పగిలితే మర్నాడు పేపర్లో వచ్చేది అద్దం గురించే తప్ప కాంట్రాక్టు కార్మికుల గురించి కాదు.

ఒకవేళ స్టేషనుకు తీసుకెళ్లారనుకో. చాలామటుకు అది ముందుజాగ్రత్త కింద అదుపులోకి తీసుకోవడమే, నాగరిక్ సురక్షా సంహితలో 170వ సెక్షన్. ఇరవై నాలుగు గంటలకు మించి ఉంచుకోవాలంటే వాళ్లు వేరే చట్టబద్ధమైన కారణం చూపాలి. మామూలుగా సాయంత్రానికి వదిలేస్తారు. ఎందుకు తీసుకొచ్చారో నీకు చెప్పాలి, నువ్వు చెప్పినవాళ్లకు కబురు చెయ్యాలి, లాయరును కలవనివ్వాలి. పొద్దుగూకాక, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చెయ్యాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా పోలీసు అధికారి ఉండాలి, మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. లాయరు ఖర్చు గురించి బెంగ వద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టమే ఇచ్చింది. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థవాళ్లు పలుకుతారు. ఆ నంబరూ, ఇంటి నంబరూ ఫోన్‌లో కాదు, చేతి మీద పెన్నుతో రాసుకో. ఫోన్ జారిపోయేది, ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా అలాంటప్పుడే.

పేరు రాసుకుంటుంటే చదవకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు. ఏ తేదీన, ఏ స్టేషనులో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉంచారు, ఎఫ్ఐఆర్ కట్టారా లేదా అన్నది ఇంటికి రాగానే ఒక నోట్‌బుక్‌లో రాసుకో. పదేళ్ల తర్వాత పనికొచ్చేది ఈ నాలుగు ముక్కలే.

ఎందుకో చెబుతాను. ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాక ఒక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. నిన్ను ఎప్పుడైనా అరెస్టు చేశారా, నిర్బంధంలో ఉంచారా, నీ మీద కేసు నడిచిందా, జరిమానా పడిందా, శిక్ష పడిందా అని అందులో వరుసగా అడుగుతారు. మన పిల్లలు చేసే పనేమిటంటే, అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టేసి ఇచ్చేస్తారు. "ఆ కేసు ఎప్పుడో కొట్టేశారు కదా", "సాయంత్రానికే వదిలేశారు కదా", "ఫైన్ కట్టేస్తే అయిపోయిందన్నారు కదా" అంటారు. తర్వాత పోలీసు వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది. అప్పుడు ఉద్యోగం తీసేసేది కేసు ఉన్నందుకు కాదు, అబద్ధం రాసినందుకు.

నా దగ్గరకు ఒక కుర్రాడు అలాగే వచ్చాడు. శ్రీకాకుళం జిల్లా, కూలి పనికి వెళ్లే తల్లి. డిగ్రీ చదివేటప్పుడు స్కాలర్‌షిప్పుల కోసం ధర్నాలో కూర్చున్నాడు. చిన్న కేసు కట్టారు. ఎవరో "తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే ఇవాళే అయిపోతుంది, లేకపోతే ఏళ్ల తరబడి తిరగాలి" అన్నారు. మెజిస్ట్రేటు ముందు ఒప్పుకున్నాడు, కొన్ని వందలు కట్టాడు, బస్సెక్కి ఇంటికెళ్లాడు. ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పడినట్టేనని అతనికి ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ల తర్వాత ఒక ప్రభుత్వ శాఖలో ఉద్యోగం వచ్చింది. ఫారంలో "లేదు" అని రాశాడు. ట్రైనింగ్ మధ్యలో ఇంటికి పంపేశారు.

అతన్ని మళ్లీ ఉద్యోగంలోకి తేవడానికి మాకు దారి చూపింది 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పు. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం. ఫారంలో నిజం రాయాల్సిందేనని కోర్టు గట్టిగానే చెప్పింది. కానీ కుర్రతనంలో నినాదాలు చెయ్యడం లాంటి చిన్న విషయంలో శిక్ష పడి, అది చెప్పినా ఆ ఉద్యోగానికి అడ్డు కాకపోయేదైతే, దాచిన తప్పును కూడా యజమాని తన విచక్షణతో మన్నించవచ్చు అంది. నినాదాలు చెయ్యడం అన్న ఉదాహరణ నేను కల్పించింది కాదు, తీర్పులోనే ఉంది. దేశంలోని పెద్ద కోర్టు ఇలాంటి పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఆ మాట రాసిందని అప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ కుర్రాడి విషయం తేలేసరికి రెండేళ్లు పట్టింది. మొదటే "ఉంది, ఫలానా తేదీ, ఫలానా కేసు, ఫైన్ కట్టాను" అని రెండు లైన్లు రాసి ఉంటే ఆ రెండేళ్లూ పోయేవి కావు.

కాబట్టి నీకు రెండు మాటలు. చిన్న కేసేనంటూ తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టమని ఎవరు చెప్పినా, లాయరును అడగకుండా ఒప్పుకోవద్దు. ఇలాంటి ఉద్యమ కేసుల్ని ప్రభుత్వాలు తర్వాత ఉపసంహరించుకోవడం మన రాష్ట్రాల్లో కొత్త కాదు. విచారణలో కొట్టేసేవీ ఉంటాయి. రెండోది, ఏదైనా జరిగితే జీవితాంతం ఏ ఫారంలోనూ దాన్ని దాచొద్దు. గ్రూప్-2 ఫారం కావచ్చు, కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కావచ్చు. ఎఫ్ఐఆర్‌లను ఇప్పుడు పోలీసు వెబ్‌సైట్లలో పెడుతున్నారు, కోర్టు కేసులు పేరుతో వెతికితే దొరుకుతాయి. కంపెనీలు చూసేది అక్కడే. నీ ఆఫర్ లెటర్ ఒకసారి తీసి, కేసుల గురించి ఏమైనా షరతు ఉందేమో చదువు. అవి ఎక్కువగా నేరం రుజువవడం గురించో, తప్పుడు సమాచారం ఇవ్వడం గురించో ఉంటాయి. అనుమతి ఉన్న ర్యాలీలో ఆదివారం పూట నడిచినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న సందర్భం నా చేతి మీదుగా ఒక్కటీ రాలేదు.

పాస్‌పోర్టు గురించి కూడా మీవాళ్లు భయపెడుతూ ఉండొచ్చు. చట్టంలో అడ్డు పడేది కోర్టులో నడుస్తున్న క్రిమినల్ కేసు. అంటే పోలీసులు చార్జిషీటు వేసి, కోర్టు దాన్ని విచారణకు స్వీకరించాక. ఉత్తి ఎఫ్ఐఆర్‌తో ఆ దశ రాదు. కోర్టులో కేసు నడుస్తున్నా అదే కోర్టు అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇచ్చే దారి 1993 నుంచి ఉంది. ఆలస్యం అవుతుంది, తిప్పట ఉంటుంది, కానీ తలుపు మూసుకుపోదు.

నీ స్నేహితురాలి లెక్క మాత్రం వేరు, ఆమెను తప్పుపట్టొద్దు. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, శిక్ష పడిందా అని మాత్రమే కాదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలంటున్నారు. మన ఇళ్లలో ఎంఎస్ అంటే ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు. ఆ పిల్ల ఇప్పుడు రానంటే అది ఆమె ఇంటి లెక్క. నువ్వు ఫొటోలు పెట్టేటప్పుడు ఆమె పేరును ట్యాగ్ చెయ్యకు. రాని పిల్లలను వాట్సాప్ గ్రూపులో "పిరికిపందలు" అనేవాళ్లుంటే ఆ గ్రూపులో నోరు విప్పి ఆపు. ఉద్యమాలు పాడయ్యేది ఇలాంటి మాటల వల్లే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. నువ్వు గ్రూప్-2 రాసి ప్రభుత్వ ఉద్యోగంలో చేరావనుకో, ఆ రోజుతో ఈ అవకాశం పోతుంది. రాజకీయ పార్టీల కార్యక్రమాల్లో ప్రభుత్వోద్యోగులు పాల్గొనకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతుంది. మీ అమ్మగారు "డిగ్రీ చేతికొచ్చాక నీ ఇష్టం" అంటున్నారు గానీ, నువ్వు అనుకుంటున్న దారిలో డిగ్రీ తర్వాత నీ ఇష్టం పెరగదు, తగ్గుతుంది. నేను కోర్టుకు వెళ్తూ దారిలో చూసే తహసీల్దారాఫీసు గుమస్తా ఒకాయన ఎప్పుడూ అంటుంటాడు, చదువుకునే రోజుల్లోనే నాలుగు ఊరేగింపుల్లో తిరిగి ఉండాల్సిందని. రిటైరయ్యేదాకా ఆయన గేటు లోపల నిలబడి చూడటమే.

ఇప్పుడు జెండాల సంగతి. పిలిచింది సంఘాలు, వస్తున్నది పార్టీలు అని రాశావు. దాన్ని తేలిగ్గా తీసుకోకు. పార్టీ కండువా మెడలో పడితే ఫొటోలో నువ్వు ఆ పార్టీ మనిషివి, నీ బాధ ఏదైనా సరే. వేదిక మీద మాట్లాడేవాళ్లలో కొందరు అధికారంలో ఉన్నప్పుడు ఏం చేశారో, ఇప్పుడు ఏం అంటున్నారో తెలుసుకుని వెళ్లు. కేంద్ర మంత్రివర్గ సంఘం ప్లాంటులో వాటా మొత్తం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నది 2021 జనవరి 27న. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఆ ఏడాదే కాంట్రాక్టు కార్మికుల తొలగింపులూ జరిగాయి. డబ్బు వచ్చిన ఏడాదే మీ నాన్నగారి పక్కన పనిచేసినవాళ్లు ఎందుకు ఇంటికి పోయారు అన్నది నీ ప్రశ్న అయితే, ఆ ప్రశ్నే ఒక అట్ట మీద రాసి పట్టుకో. కండువా ఎవరైనా ఇస్తే వద్దని మర్యాదగా చెప్పొచ్చు. లేదు, ఆ పార్టీ మాటే నా మాట అనుకుంటే వేసుకో, అదీ నీ హక్కే. కానీ అది ఎవరో మెడలో వేస్తే పడిన కండువా కాకూడదు. బస్సు పెట్టారని, కాలేజీ సెలవిచ్చిందని, బిరియానీ పొట్లం ఇస్తారని ర్యాలీలకు తోలిన పిల్లలను నేను చూశాను. వాళ్లను ఏం అనలేను. నువ్వు మాత్రం అడిగి మరీ వెళ్తున్నావు, ఆ తేడా పోగొట్టుకోకు.

మీ ఊరివాళ్లకు ఇది కొత్త కాదు కదా. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్నది పుస్తకాల్లో పుట్టిన మాట కాదు, మీ వీధుల్లో విద్యార్థుల నోట మోగిన మాట. ఆ నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేసి భూములిచ్చినవాళ్ల మనవలు ఈ రోజుకీ నిర్వాసితులకు ఇచ్చిన ఆర్-కార్డు పట్టుకుని తిరుగుతున్నారు. గేటు ముందు నడిచేటప్పుడు ఇది నీకు గుర్తుండాలి. ప్రాణం ఇవ్వమని చెప్పడానికి కాదు, ప్రాణం ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో చెప్పడానికే ఇది ఎత్తాను.

ఎందుకంటే ఈ రోజుల్లో ర్యాలీల్లో జనం చనిపోతున్నది తూటాలకు కాదు, తొక్కిసలాటకు. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఇరుకు వీధిలో జనం ఒత్తుకుని ఎనిమిది మంది పోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న, గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర ముగ్గురు ఆడవాళ్లు. 2025 సెప్టెంబరు 27న తమిళనాడు కరూర్‌లో 41 మంది. కేసు గురించి నీకు వందమంది చెప్పారు, దీని గురించి ఒక్కరైనా చెప్పారా? నాయకుడి వాహనం దగ్గరకు వెళ్లకు. గుంపు నడుమ కాకుండా పక్కన, పక్క సందులు కనిపించే చోట నడువు. చున్నీ బదులు చొక్కా, చెప్పుల బదులు బూట్లు. కూర్మన్నపాలెం దగ్గర హైవే మీద లారీలు ఆగవు, రోడ్డు దాటేటప్పుడు గుంపుతో కలిసే దాటు. ఛాతీ మీద ఒత్తిడి తెలిసేంత దగ్గరగా జనం వచ్చారంటే అది ఉత్సాహం కాదు, ప్రమాదం. అప్పుడు ఎదురు వెళ్లకుండా, చేతులు ఛాతీ ముందు మడిచి, ఏటవాలుగా పక్కకు జరుగుతూ బయటకు రా. నీళ్లూ, రెండు గ్లూకోజ్ బిస్కెట్లూ, కాలేజీ ఐడీ కాకుండా ఆధార్ జిరాక్సూ దగ్గరుంచుకో. ఐడీ కార్డు మెడలో వేసుకుని వెళ్తే నీ కాలేజీని కూడా మోసుకెళ్లినట్టే, ఆ మోత అవసరం లేదు.

కాలేజీ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఆదివారం కాబట్టి హాజరు గొడవ రాదు. పని రోజైతే మాత్రం 75 శాతం దగ్గర పడి ఉన్నావేమో చూసుకోమనేదాన్ని.

ఇక మీ నాన్నగారు.

"నేను వెళ్తున్నదే నువ్వు వెళ్లాల్సిన రోజు రాకూడదని." ఈ మాటను నువ్వు కోపంగా రాశావు. నాకు అందులో కోపం వినపడలేదు. పద్దెనిమిదేళ్లు గేటు పాసు మీద బతికిన మనిషి ఆయన. ప్రతి టెండరుకూ కాంట్రాక్టరు మారితే, పాసు మళ్లీ వస్తుందో రాదో అని ఎదురుచూసినవాడు. ఆయన ఇంటికి తెచ్చిన జీతంలోంచి నీ ఫీజు తీసి, మిగిలినదాంతో ఇల్లు నడిపారు. తన చేతికి దొరకని ఒక్కటే వస్తువు నీ చేతికి వస్తోంది: ఎవరి పాసూ అక్కర్లేని ఉద్యోగం. దాని మీద చిన్న గీత పడుతుందన్నా ఆయన అన్నం ముందు నుంచి లేస్తారు. నువ్వు ర్యాలీకి రావాలనుకుంటున్నది తన కోసమేనని ఆయనకు తెలుసు. అదే ఆయనకు భారం. తన కష్టం నీ మీద పడిందనిపిస్తుంది.

కాబట్టి ఆయనతో హక్కుల గురించి వాదించకు. హక్కు గురించి ఆయనకు నీకంటే ఎక్కువ తెలుసు. ఆయన భయపడుతున్నది దేనికో విడివిడిగా అడుగు. కేసు గురించా? అయితే ఈ జవాబు కాగితం మీద రాసి చూపించు, అనుమతి ఉందో లేదో ఇద్దరూ కలిసి సంఘం ఆఫీసుకు వెళ్లి అడగండి. జనం గురించా? అయితే ఆయన పక్కనే నడుస్తానని చెప్పు. లేక, రేపు కాంట్రాక్టరు నీ మొహం చూసి ఆయన మీద కక్ష కడతాడనా? ఇది చాలా ఇళ్లలో అసలు భయం, పిల్లలకు చెప్పుకోలేని భయం. ఆయన మాటల్లో అది ఉందని తెలిస్తే, అప్పుడు ఆగు. అప్పుడు ఆ కూడు ఆయనది, ఆ గేటు ఆయనది, నిర్ణయం కూడా ఆయనదే కావాలి. నువ్వు వెళ్లలేదని అప్పుడు సిగ్గుపడకు. శిబిరం దగ్గర కూర్చునేవాళ్లకు ఇంగ్లీషులో అర్జీలు, ఆర్టీఐ దరఖాస్తులు రాసిపెట్టే మనుషులు ఎప్పుడూ తక్కువే. తీసేసినవాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు ఎక్సెల్‌లో పెట్టి ఇచ్చే ఇంజనీరింగ్ పిల్ల ఒక్కత్తి ఉంటే, యాభై కుటుంబాలకు అది ఒక ఊరేగింపు కంటే ఎక్కువ. కాంట్రాక్టు కార్మికులకూ ఆ బాకీలు చట్టప్రకారం రావాలి, చాలామందికి తమకు ఎంత రావాలో కూడా తెలియదు.

అసలు భయం అది కాకపోతే, ఒక్కటే అడుగు: "నాన్నా, నీ పక్కన నడవనిస్తావా?" ర్యాలీకి వెళ్తాను అనడం వేరు, నీ పక్కన నడుస్తాను అనడం వేరు. మా నాన్నను నేను ఆ మాట అడగలేదు. అడిగుంటే ఆయన రానిచ్చేవారు కాదేమో. కానీ బస్టాండులో నా సంగతి ఎత్తిన ఆ పంతులుకు ఆయన "నాకు తెలుసు" అని చెప్పుకోగలిగేవారు.

ఇద్దరూ వెళ్లేటట్టయితే అమ్మగారికి ఎన్ని గంటలకు తిరిగొస్తారో చెప్పి, ఆ టైముకు ఫోన్ చెయ్యి. ప్రాజెక్టు రిపోర్టు పని ఏదైనా ఉంటే శనివారం రాత్రికే పూర్తి చేసుకో.